సంతకాలు లేని రాయబారం: ఆర్చిబిషప్ రొంకాలీ



1925 మార్చి 19న రోములోని సాన్ కార్లో గుడిలో ఒక నలభై మూడేళ్ల గురువును ఆర్చిబిషప్‌గా అభిషేకించారు. పీఠం పేరు ఆరియోపోలిస్. ఇప్పటి జోర్డాన్ దేశంలో, శతాబ్దాల కిందటే అంతరించిపోయిన పీఠం అది. అక్కడ ఆయనకు గుడి లేదు, విచారణ లేదు, చేతి కింద ఒక్క గురువు లేడు. ఉన్నదల్లా బిరుదు. ఎందుకిచ్చారంటే, పోపు గారి తరఫున పరదేశం వెళ్లేవారు అక్కడి బిషప్పుల మధ్య కూర్చుని మాట చెల్లించుకోవాలి. మామూలు గురువుగా వెళితే సాగదు. అందుకని కాలగర్భంలో కలిసిన ఊరిపేరు మీద పీఠం ఇచ్చి పంపుతారు. ఈనాటికీ ఢిల్లీ చాణక్యపురిలో, నీతిమార్గ్ మీది భవనంలో ఉండే పోపు రాయబారి ఇలాంటి బిరుదు పీఠం మీది ఆర్చిబిషప్పే. మన జిల్లాల్లో ఏ పీఠానికి కొత్త బిషప్ గారు రావాలన్నా దారి ఆ భవనం మీదుగానే: గుట్టుగా వాకబు, మూడు పేర్ల జాబితా, రోముకు నివేదిక. పేరు బయటపడేదాకా పక్కగదిలోని గుమాస్తాకైనా తెలియకూడదు.

మన తెలుగువాళ్లకు రాయబారం అనగానే తిరుపతి వేంకట కవుల నాటకంలో కృష్ణుడు గుర్తొస్తాడు. నిండు సభ, ఎదురుగా దుర్యోధనుడు, రాగం తీసి పద్యం మీద పద్యం, జనంలోంచి వన్స్‌మోర్లు. నేనివాళ చెప్పబోయే రాయబారికి అసలు సభే లేదు. సోఫియాలో పదేళ్లు, ఇస్తాంబుల్, ఏథెన్సుల మధ్య మరో పదేళ్లు, ఆ ప్రభుత్వాలు ఆయన్ని రాయబారిగా గుర్తించనే లేదు. పారిస్‌లో గడిపిన ఎనిమిదేళ్లలో మాత్రం ఆ హోదా దక్కింది. మొత్తం ఇరవై ఎనిమిదేళ్లలో చరిత్ర పుస్తకాలకెక్కిన ఒప్పందం ఒక్కటీ ఆయన సంతకంతో లేదు. ఆయన పేరు ఆంజెలో జుసెప్పె రొంకాలీ. తరవాత 23వ జాన్ పోపు అయ్యారు కాబట్టి లోకానికి తెలిశారు. మన గుళ్లలో 23వ యోహాను అంటాం. నా మటుకు నాకు నాలుగున్నరేళ్ల ఆ పోపు కంటే ఇరవై ఎనిమిదేళ్ల ఈ రాయబారి మీదే మక్కువ ఎక్కువ. ఇవాళ్టి మాటంతా ఆయన గురించే.

పుట్టింది 1881లో, ఇటలీ ఉత్తరాన బెర్గమో దగ్గర సొత్తో ఇల్ మోంతె అనే పల్లెలో. తండ్రి పాలికాపు. పండినదాంట్లో సగం భూస్వామికి కొలిచి, మిగిలినదాంతో ఇంటెడు పిల్లల్ని పోషించిన మనిషి. రొంకాలీ గురువయ్యాక తొమ్మిదేళ్లకు పైగా బెర్గమో బిషప్ రదీనీ తెదెస్కీ గారి దగ్గర కార్యదర్శిగా ఉన్నారు. సెమినరీలో శ్రీసభ చరిత్ర బోధించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో వైద్యదళంలో సార్జెంటు, ఆ తరవాత సైనికుల గురువు. వాటికన్ రాయబారుల్ని తయారుచేసే అకాడమీ ఒకటి 1701 నుంచి రోములో ఉంది. రొంకాలీ దాని గడప తొక్కలేదు. 1921లో ఆయన్ని రోముకు పిలిపించి అప్పగించిన పని ఇటలీ అంతా తిరిగి వేదప్రచారానికి విరాళాలు పోగుచేయించడం. ఇక్కడ మనకో చుట్టరికం ఉంది. ఆ రోజుల్లో హైదరాబాద్ పీఠాన్ని నడుపుతున్నది మిలాన్ నుంచి వచ్చిన పీమే సభ గురువులు, బిషప్ విస్మారా గారు. ఇటలీ పల్లెల్లో గుడి తట్టలో పడిన చిల్లర మన మిషన్ బళ్లకూ ఆసుపత్రులకూ చేరుతున్న కాలం అది. ఆ తట్టల్ని ఒక పద్ధతిలోకి తెచ్చినవారిలో ఈయనొకరు.

బల్గేరియాకు వెళ్లమన్నప్పుడు ఆయన హోదా అపోస్తలిక విజిటర్. అంటే పోపు గారి పనుపున చూసి రావడానికి వెళ్లే పెద్దమనిషి, అంతే. ఈ హోదాల మెట్లు కొంచెం చెప్పాలి. అన్నిటికన్నా పైమెట్టు నూన్షియో. ఆయన రాజ్యానికీ రాయబారే, శ్రీసభకూ ప్రతినిధే. దాని కింద డెలిగేటు. బిషప్పులతో వ్యవహారం నడుపుతాడు కానీ ప్రభుత్వం దృష్టిలో ఆయన ఒక విదేశీ మతపెద్ద, పిలిస్తే వస్తారు, పిలవకపోతే అడిగే హక్కు లేదు. విజిటరు ఇంకా కింద. కొద్దినెలల పని అనుకుని బయల్దేరిన ఆ ఉద్యోగం పదేళ్లు సాగింది. 1931లో డెలిగేటు అయ్యారు.

ఆయన సోఫియా చేరింది 1925 ఏప్రిల్ 25న. అంతకు తొమ్మిది రోజుల ముందే, ఆర్థడాక్సువారి పవిత్ర గురువారం నాడు, నగరం నడిబొడ్డున ఉన్న సెయింట్ నెదెల్యా గుడిని పేల్చేశారు. ఒక సైన్యాధికారి అంత్యక్రియలకు పెద్దలంతా అక్కడ చేరతారని కమ్యూనిస్టు తీవ్రవాదులు కప్పులో మందుపాతర పెట్టారు. నూట యాభై మందికి పైగా చనిపోయారు, గాయపడ్డవాళ్లు వందల్లో. బోరిస్ రాజు ఆ సమయానికి అక్కడికి రాకపోవడం వల్ల బతికిపోయాడు. కొత్త విజిటరు గారు ముందు ఆసుపత్రికి వెళ్లారు. పడుకున్నవాళ్లు దాదాపు అందరూ ఆర్థడాక్సువారే. తన మందలోని వారు కారు. అక్కడి కతోలికులందరినీ కలిపినా అరవై వేల పైచిలుకు. అందులో కొందరు లాటిన్ పద్ధతివారు, కొందరు బైజాంటిన్ పద్ధతిలో పూజ చేసుకునేవారు. ఈ రెండోవాళ్లది మరీ దీనావస్థ. టర్కీ, గ్రీసుల నుంచి యుద్ధాలు తరిమేస్తే వచ్చిపడ్డ కాందిశీకులు. కొండదారుల్లో కంచరగాడిద మీద, బండి మీద వాళ్ల ఊళ్లు తిరిగారు రొంకాలీ. వాళ్ల భాష రాదు. పక్కన దుబాసీ. తిరిగొచ్చి రోముకు రాసినదాని సారం ఒక్కటే: వీళ్లకు వీళ్లలోంచే ఒక బిషప్ కావాలి. 1926లో ముప్పై ఐదేళ్ల కుర్తేవ్ అనే గురువును ఆ పదవికి ఎక్కించగలిగారు. పదేళ్ల బల్గేరియా కొలువులో నిలిచిన పని ఏదంటే నేను దీన్నే చూపిస్తాను.

మిగిలినవేవీ ముడిపడలేదు. స్థానిక సెమినరీ కావాలన్నారు, రోము నుంచి జవాబు లేదు. ఉత్తరాలు వెళ్లేవి, ఉలుకూ పలుకూ ఉండేది కాదు. తన కష్టాలు బల్గేరియన్ల వల్ల వచ్చినవి కావని, శ్రీసభ కేంద్ర కార్యాలయాల వల్ల వచ్చినవని ఆత్మపరిశీలన పుస్తకంలో ఆయనే రాసుకున్నారు. జిల్లా కేంద్రానికి అర్జీ మీద అర్జీ పెట్టి ఎదురుచూసిన మారుమూల ఉద్యోగి ఎవరికైనా ఆ పేజీలు తన డైరీలాగే ఉంటాయి. 1928లో చిర్పాన్, ప్లోవ్‌దివ్ ప్రాంతంలో భూకంపం వచ్చినప్పుడు మాత్రం రోము కదిలింది. వచ్చిన సాయాన్ని ఆయన దగ్గరుండి పంచారు, మతం అడక్కుండా.

ఇక పెళ్లి సంగతి. బల్గేరియా రాజు బోరిస్ ఆర్థడాక్సు. ఆయన చేసుకోబోయే జొవాన్నా ఇటలీ రాజు కూతురు, కతోలిక. రెండో తంతు ఉండకూడదని, పిల్లల్ని కతోలికులుగా పెంచాలని పోపు 11వ పయస్ షరతు పెట్టారు. రాజు ఒప్పుకున్నాడు. 1930 అక్టోబరు 25న అసీసీలో కతోలిక పద్ధతిలో పెళ్లయింది. వారం తిరక్కముందే, 31న, సోఫియాలోని అలెగ్జాండర్ నెవ్‌స్కీ గుడిలో ఆర్థడాక్సు పద్ధతిలో మళ్లీ తంతు జరిగింది. 1933లో తొలిచూలు ఆడపిల్లకు ఆర్థడాక్సు గుడిలోనే జ్ఞానస్నానం. బల్గేరియా రాజ్యాంగం, అక్కడి జనం ఒత్తిడి ఏమిటో తెలిసినవాళ్లకు ఇందులో ఆశ్చర్యపోవాల్సింది లేదు. రోములో మాత్రం ఉగ్రులయ్యారు. రాజును నమ్మమని చెప్పింది ఈయనేగా అన్నారు. మరో రాయబారైతే తన పరువు దక్కించుకోవడానికి రాజు మీద నాలుగు మాటలు విసిరి చేతులు కడుక్కునేవాడు. రొంకాలీ తప్పును తప్పనే అన్నారు, రాజుతో మాటలు తెంచుకోలేదు. ఆనాటికది చేతగానితనంగానే కనిపించింది. పదేళ్ల తరవాత ఆ పరిచయమే పనికొచ్చింది.

1934 క్రిస్మస్ పూజలో ఆయన సోఫియావారి దగ్గర సెలవు తీసుకున్నారు. లోకంలో నేనెక్కడున్నా, దారితప్పిన బల్గేరియన్ ఎవరైనా మా ఇంటి ముందు నుంచి పోతే తలుపు తట్టవచ్చు, కతోలికుడివా ఆర్థడాక్సువా అని నేనడగను అని ఆ ప్రసంగంలో చెప్పారు. బిరుదు పీఠాన్ని కూడా మార్పించుకున్నారు. ఆరియోపోలిస్ పోయి మెసెంబ్రియా వచ్చింది. నల్ల సముద్రం ఒడ్డున ఇప్పుడు నెసెబార్ అని పిలిచే బల్గేరియా పట్నమే అది.

టర్కీకి వెళ్లేసరికి అతాతుర్క్ సంస్కరణలు ఉధృతంగా ఉన్నాయి. ఏ మతం గురువైనా ప్రార్థనాలయం దాటి బయట మతదుస్తులు వేసుకోకూడదని 1934 చివర్లో చట్టం చేశారు, 1935 జూన్ నుంచి అమలు. కొన్ని సభలవారు మండిపడ్డారు. కొందరు దేశం వదిలిపోతామన్నారు. రొంకాలీ కోటు తొడుక్కుని, గుండ్రటి టోపీ పెట్టుకుని తన గురువులతో సహా వీధిలోకొచ్చారు. అంతేకాదు, పూజానంతర ప్రార్థనల్లో కొన్నిటిని టర్కిష్‌లో చెప్పించారు. ఫ్రెంచి మాట్లాడే భక్తులు కొందరు లేచి వెళ్లిపోయారు, రోముకు ఫిర్యాదులు వెళ్లాయి. ఆయన వెనక్కి తగ్గలేదు. ఏ దేశంలో ఉంటే ఆ దేశపు నుడి గుళ్లో వినబడాలన్న మాటను 1960లలో వాటికన్ మహాసభ తీర్మానించిందని మనకు తెలుసు. తెలుగులో పూజ వినే భాగ్యం మనకు దాని వల్లే కలిగింది. ఆ తీర్మానానికి పాతికేళ్లకు పైగా ముందే ఇస్తాంబుల్లో దానికి పూచీ పడ్డ మనిషి ఈయన.

గ్రీసులో బతుకు ఇంకా ఇరుకు. 1940 అక్టోబరులో ముసోలినీ సేనలు గ్రీసు మీద పడ్డాక ఈయన శత్రుదేశపువాడయ్యారు. 1941-42 చలికాలంలో ఏథెన్సు వీధుల్లో జనం ఆకలితో కూలిపోయారు. ఆక్రమణ సైన్యాలు తిండిగింజలు ఊడ్చేశాయి, బ్రిటన్ నౌకలు బయటి నుంచి ఏదీ రానివ్వడం లేదు. ఆర్థడాక్సు ఆర్చిబిషప్ డమాస్కినోస్, రొంకాలీ కలిసి మాట్లాడుకున్నారు. ఒక కతోలిక డెలిగేటు, ఏథెన్సు ఆర్థడాక్సు పెద్ద ఎదురెదురు కూర్చోవడమే ఆ దేశంలో కనీవినీ ఎరగని సంగతి. దిగ్బంధం సడలించమని లండన్‌ను అడిగించడానికి రొంకాలీ స్వయంగా రోము వెళ్లి వాటికన్‌ను కదిలించారు. 1942 ఆగస్టు నుంచి రెడ్‌క్రాస్ ఆధ్వర్యంలో స్వీడన్ ఓడలు కెనడా గోధుమలు తెచ్చాయి. అందులో ఈయన వంతు ఎంత అంటే, తలుపు తట్టిన అనేక చేతుల్లో ఒక చెయ్యి. అంతకుమించి చెబితే ఆయనే ఒప్పుకోరు.

యూదుల విషయంలోనూ ఇదే తూకం వాడాలి. తటస్థ టర్కీ అప్పట్లో యూరప్ నుంచి తప్పించుకునేవాళ్లకు మిగిలిన సందు. జ్యూయిష్ ఏజెన్సీ ప్రతినిధి ఛాయిమ్ బర్లాస్ తరచూ ఈయన గుమ్మం తొక్కేవాడు. 1943లో రొంకాలీ యూదుల తరఫున బోరిస్ రాజుకు ఉత్తరం రాశారు. పాత పరిచయం పనికొచ్చిందన్నది ఇదే. అయితే పాత బల్గేరియా సరిహద్దుల్లోని సుమారు 48 వేల మంది యూదులు బతికి బయటపడ్డారంటే ముందుగా దండం పెట్టాల్సింది పార్లమెంటులో ఎదురుతిరిగిన దిమితర్ పెషెవ్‌కు, ఆర్థడాక్సు బిషప్పులు స్తెఫాన్, కిరిల్ గార్లకు. బల్గేరియా ఆక్రమించిన త్రేస్, మాసిడోనియాల నుంచి పదకొండు వేల మందికి పైగా యూదుల్ని అదే రాజు ప్రభుత్వం చావుకు అప్పగించిందన్నదీ మరవకూడదు. 1944 వేసవిలో అమెరికా యుద్ధ శరణార్థుల బోర్డు మనిషి ఐరా హర్ష్‌మన్ ఇస్తాంబుల్ దగ్గరి దీవిలో రొంకాలీని కలిశాడు. పాలస్తీనా వలస పత్రాలు ఈయన ద్వారా బుడాపెస్ట్‌లోని నూన్షియో ఆంజెలో రొత్తా గారికి చేరాయి. ఆ కాగితం చేతిలో ఉంటే తలుపు కొట్టిన పోలీసుకు చూపించడానికి ఏదో ఒకటి ఉండేది. ఎంతమంది బతికారని అడిగితే వేల సంఖ్యలు చాలా ప్రచారంలో ఉన్నాయి. ఆ అంకెల్ని నేను వల్లించను. కాగితాలు వెళ్లిన మాట నిజం.

ఆయన్ని పునీతుడిగా మాత్రమే తలిచేవాళ్లు 1943 సెప్టెంబరు 4న ఆయన వాటికన్‌లోని తన పై అధికారి కార్డినల్ మల్యోనెకు రాసిన ఉత్తరం కూడా చదవాలి. యూదుల్ని పాలస్తీనాకు చేర్చడంలో శ్రీసభ చెయ్యి ఉండటం అక్కడ యూదు రాజ్య స్థాపనకు తోడ్పడినట్టు అవుతుందేమోనని అందులో తన సంకోచం తెలిపారు. సాయం ఆపలేదు. సంకోచమూ దాచుకోలేదు. తన కాలపు మతబుద్ధి ఆయన్లోనూ ఉంది. ఇస్తాంబుల్ పరిచయస్తుడైన జర్మన్ రాయబారి ఫాన్ పాపెన్ మాటల్ని అవసరానికి మించి నమ్మారన్న విమర్శా ఉంది, అందులో నిజం లేకపోలేదు. ఎదుటిమనిషిలో మంచినే వెతికే స్వభావం రాయబారికి బలం. అదే అతని బలహీనత కూడా.

1944 డిసెంబరు మొదటివారంలో రోము నుంచి తంతి వచ్చింది: పారిస్‌కు నూన్షియోగా వెళ్లమని. పొరపాటున తన పేరు పడిందేమో అనుకున్నారట. ఎందుకింత తొందర? దౌత్య సంప్రదాయం ప్రకారం జనవరి 1న దేశాధినేతకు రాయబారులందరి తరఫున శుభాకాంక్షలు చెప్పేది నూన్షియో. పాత నూన్షియో వలెరీ, జర్మన్లకు లొంగిన విషీ ప్రభుత్వం దగ్గర పనిచేశారు గనుక ఫ్రాన్సు కొత్త నేత డిగాల్ ఆయన్ని ఉండనివ్వలేదు. కొత్తవారు అందుబాటులో లేకపోతే ఆ గౌరవం సోవియట్ రాయబారి బొగొమొలోవ్‌కు పోతుంది. రొంకాలీ డిసెంబరు 30న పారిస్‌లో దిగారు, రెండ్రోజులకే ఆ ప్రసంగం చదివారు. ఇరవై ఏళ్లు ఆయన్ని మరచిపోయిన వాటికన్‌కు ఆయన అక్కరకొచ్చిన కారణం ఇదీ. గొప్ప కారణమేం కాదు. పై అంతస్తుల్లో కొన్ని నియామకాలు ఇలాగే జరుగుతాయి, ఏ ప్రభుత్వంలోనైనా.

విషీ పాలనకు వంతపాడిన బిషప్పుల్ని తొలగించాలని డిగాల్ ప్రభుత్వం పాతిక మంది దాకా పేర్లిచ్చింది. రొంకాలీ కాదనలేదు. ఒక్కొక్కరి మీదా రుజువులు చూపమన్నారు. చూపినవాటిలో పత్రికల కత్తిరింపులే ఎక్కువ. నెలలు గడిచాయి, ఆవేశాలు చల్లబడ్డాయి. చివరికి పదవి వదిలినవాళ్లు పది మంది కూడా లేరు. ఇది న్యాయమా? నాజీలకు సహకరించినవాళ్లు తప్పించుకున్నారని బాధపడ్డ ఫ్రెంచివాళ్లున్నారు, వాళ్ల బాధ ఉత్తది కాదు. ఆయన చేసింది న్యాయం కంటే సర్దుబాటు అనాలి. పగ తీర్చుకునే వేళ ఆ దేశానికి అది మేలే చేసిందని నా అభిప్రాయం.

షార్ట్ర్ పట్నం దగ్గర ముళ్లతీగల వెనక జర్మన్ యుద్ధఖైదీలకు ఒక సెమినరీ నడిచింది. ఫ్రాంజ్ స్టాక్ అనే జర్మన్ గురువు నడిపాడు. గురువులు కాబోయే యువకులు వందల మంది అక్కడ ఖైదీల బట్టల్లోనే చదువుకున్నారు. ఫ్రాన్సులో జర్మన్ పేరెత్తితే ఉమ్మేసే రోజుల్లో నూన్షియో గారు కారులో అక్కడికి పదేపదే వెళ్లొచ్చారు.

పారిస్ కాలంలో నచ్చని సంగతులూ ఉన్నాయి. యుద్ధంలో కతోలికుల చెంత దాక్కుని జ్ఞానస్నానం పొందిన యూదు పిల్లల్ని తిరిగి అప్పగించడం గురించి రోము నుంచి ఆయనకు అందిన 1946 నాటి సూచనలు 2004లో బయటపడి ఇటలీ పత్రికల్లో దుమారం రేపాయి. ఫ్యాక్టరీల్లో కూలిపనికి దిగిన గురువుల ఉద్యమం ఆయన కళ్లముందే పెరిగింది. ఆయన దాన్ని అడ్డుకోలేదు, భుజానికెత్తుకోనూ లేదు. తీరా ఆయనే పోపు అయ్యాక, 1959లో, రోము దానికి తలుపు మూసేసింది.

1953 జనవరిలో ఆయన కార్డినల్ అయ్యారు. ఆ ఎర్రటోపీని తలమీద పెట్టే పాత హక్కు ఫ్రెంచి దేశాధినేతది. అప్పటి అధ్యక్షుడు వాన్సాన్ ఒరియోల్ సోషలిస్టు, గుడికి దూరంగా ఉండే మనిషి. ఎలిజే భవనంలో రొంకాలీ ఆయన ముందు మోకరించారు, ఒరియోల్ టోపీ పెట్టారు. ఇద్దరూ మంచి స్నేహితులు. ఆ వసంతంలోనే వెనిస్‌కు పాట్రియార్క్‌గా వెళ్లారు. ఐదేళ్లకు, 1958 అక్టోబరు 28న, పోపు.

తరవాతిది పత్రికల్లో వచ్చిందే గనుక పైపైన చెబుతాను. 1962 అక్టోబరులో క్యూబా క్షిపణుల సంక్షోభం వేళ ఆయన రేడియోలో చేసిన శాంతి విజ్ఞప్తిని సోవియట్ పార్టీ పత్రిక ప్రావ్దా అచ్చువేసింది. మరుసటి ఏడు మార్చిలో సోవియట్ నేత క్రుశ్చేవ్ అల్లుడు అజూబేయ్ వాటికన్‌కు వచ్చి ఆయన్ని కలిశాడు. వాటికన్ మహాసభకు ఇతర శాఖల క్రైస్తవులు పరిశీలకులుగా వచ్చి కూర్చున్నారు. ఇవన్నీ ఒక వృద్ధుడికి హఠాత్తుగా తట్టిన ఆలోచనలని రాసినవాళ్లున్నారు. సోఫియా ఆసుపత్రి, ఏథెన్సులో డమాస్కినోస్‌తో కూర్చున్న ఆ గంట తెలిసినవాళ్లెవరూ ఆ మాట అనరు.

ఈ రాయబారి చేతిలో సైన్యం లేదు, సంతకం పెట్టడానికి ఒప్పందం లేదు, ఇరవై ఏళ్లపాటు హోదా కూడా లేదు. ఉన్నదల్లా తలుపు తట్టే ఓపిక, అవతలివాడు మాట తప్పినా తన వైపు తలుపు మూయని మొండితనం. ఆ గుణం వల్ల ఆయన కొన్నిసార్లు మోసపోయారు. కొన్ని ప్రాణాలు నిలిచిందీ దానివల్లే. లెక్క తేలిస్తే నేను ఆయన పక్షమే.

చివరిగా విద్యార్థులతో, గురువులతో ఒక మాట. రొంకాలీ డైరీలు సోఫియా నుంచి వాటికన్ దాకా ఇటలీలో సంపుటాలుగా అచ్చయ్యాయి. 12వ పయస్ పోపు కాలపు వాటికన్ దస్తావేజులు 2020 మార్చి నుంచి పరిశోధకులకు తెరిచి ఉన్నాయి. ఇటలీ విచారణల్లో, కాన్వెంట్లలో మన తెలుగు గురువులు, మఠకన్యలు ఎందరో ఉన్నారు, ఆ భాష వాళ్లకు రోజువారీ మాట. మీలో ఎవరైనా ముందుకొచ్చి ఆ బల్గేరియా డైరీల నుంచి కొన్ని పేజీలైనా తెలుగు చేసి అచ్చు వేయించండి. ఈ ప్రసంగాన్ని ఏర్పాటు చేసిన స్మారక నిధి నిర్వాహకులు ఆ పనికి ఏటా కొంత సొమ్ము కేటాయించాలని ఈ వేదిక మీద నుంచే కోరుతున్నాను.